బావి అని రాసినందుకు

బ్లెస్సీ మా చెల్లెలు ఎస్తేరు కూతురు. గురుగ్రామ్‌లో ఫ్లాట్ కొనుక్కుంది. గృహప్రవేశ ప్రార్థన పెట్టుకున్నాం, తప్పకుండా రావాలి పెద్దమ్మా అంటే మెట్రో ఎక్కి, దిగి ఆటో పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా నా ఫోనుకి వచ్చిన నంబరు చెప్పేదాకా లోపలికి వదల్లేదు. బ్లెస్సీ కిందికి వచ్చి, నన్ను పైకి తీసుకెళ్ళకుండా ముందు క్లబ్‌హౌస్ వైపు నడిపించింది. అక్కడ నేలలోకి దిగే మెట్లు, అడుగున నీలం టైల్సు, మధ్యలో గొట్టంలోంచి చిమ్మే నీళ్ళు, పక్కన ఇత్తడి పలక మీద 'ది బావోలీ' అని అక్షరాలు. "ఇది మా బావోలీ పెద్దమ్మా. బావోలీ అంటే స్టెప్‌వెల్ అన్నమాట. పాతకాలంలో వాటర్ కోసం కట్టేవాళ్ళు," అంది, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా. అచ్ఛా అన్నాను. ఆ పిల్ల తప్పేముంది, అది పుట్టకముందు సంగతి. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత వయసొచ్చాక కూడా అంత మండుతుందని నేను అనుకోలేదు.

వచ్చే దారిలో, రోడ్డు మలుపులో, పాత ఊరి పేరున్న బోర్డు చూశాను. ఊరు ఇంకా ఉంది, టవర్ల మధ్య ఇరుక్కుని, అద్దె గదులతో, మొబైల్ రిపేరు కొట్లతో. ఆ ఊరి పశువులు ఒకప్పుడు తిరిగిన నేల మీదే మా బ్లెస్సీ పద్నాలుగో అంతస్తు లేచింది. అక్కడ నిజంగా ఒక బావోలీ ఉండేది. దాన్ని మెట్టుమెట్టుకీ కొలిచి కాగితం మీద పెట్టింది నేను. దాని మీద నాకో ఉద్యోగం, ఇంకా పై చదువు, అమ్మ కన్నా వేరే బతుకు ఒకటి వస్తుందనుకున్నాను. ఇప్పుడు అక్కడ గొట్టంలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి, జనం ఫోటోలు దిగుతున్నారు.

మా అమ్మ మార్తమ్మ లేబర్ రూములో నర్సు. బాపట్ల దగ్గరి పల్లె నుంచి నర్సింగ్ చదివి, ఢిల్లీ ఆసుపత్రిలో చేరి, ఆ క్వార్టర్సులోనే రిటైరయింది. మా ఇంట్లో పొద్దున అంటే డెట్టాల్ వాసన. నైట్ డ్యూటీ నుంచి రాగానే చెప్పులు గుమ్మం బయటే విడిచి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ చేతుల్తోనే మాకు ఉప్మా కలిపేది. ఆ తర్వాత ఖాకీ దుప్పటి నెత్తి మీదుగా లాక్కుని పడుకుంటే మేం ముగ్గురం, అంటే నేను, ఎస్తేరు, నాన్న, సాయంత్రందాకా కాళ్ళ వేళ్ళ మీద నడవాలి. గిన్నె చప్పుడైనా "ఏందే ఆ రభస?" అని దుప్పటి లోపల్నుంచి వినిపించేది. నాన్న ఆసుపత్రిలోనే ఎలక్ట్రీషియను, మాటలు తక్కువ మనిషి, ఫ్యాను బేరింగులు విప్పి పాత పేపరు మీద పరుచుకుని కూర్చునేవాడు. ఎవరైనా ఆంధ్రా రైల్లో వస్తే గోంగూర తెచ్చేవాళ్ళు. ఆ రోజు వరండాలో కూర్చుని ఆకులు గిల్లుతూ అమ్మ ఊరి కబుర్లు చెప్పేది. మేం తెలుగులో వినేవాళ్ళం, హిందీలో జవాబు చెప్పేవాళ్ళం. మాకు వచ్చిన తెలుగు వంటింటి తెలుగు. చారు, కూర, దుప్పటి, సబ్బు, బావి. అంతకు మించి అవసరం పడలేదు, ఎవరూ నేర్పలేదు కూడా.

ఆదివారం ఇంగ్లీషు వాళ్ళ ఆరాధన, హిందీ వాళ్ళ ఆరాధన అయ్యాక, ఎండ మాడిపోయే వేళకి చర్చి మా తెలుగువాళ్ళకి దొరికేది. ఆ చర్చి ఆవరణలోనే వెనక రేకుల షెడ్డులో కమ్యూనిటీ కాలేజీ పెట్టారు. కుట్టుపని, బ్యూటీ పార్లరు, కంప్యూటరు, ఆయా ట్రైనింగు. డబ్బు లేని పిల్లలకి ఉపాధి చూపించాలని. ఎవరి తలలో పుట్టిందో గానీ, పాత కట్టడాల చరిత్ర అని ఒక కోర్సు కూడా పెట్టారు. టూరిస్టు గైడ్లుగా పనికొస్తామని కాబోలు. ప్లస్ టూలో సైన్సు అత్తెసరు మార్కులతో గట్టెక్కి నేను ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆసుపత్రిలో స్టాఫ్ పిల్లలకి నర్సింగులో సీటిస్తారు, అమ్మ దాని మీద కన్నేసి ఉంచింది. నేను ఈ కోర్సు పేరు చెప్పేసరికి గోంగూర గిల్లడం ఆపి నా వంక చూసింది. "కట్టడాల చరిత్రా? కట్టినోళ్ళు సచ్చిపొయ్యారు, ఇప్పుడు దాన్ని సదివి ఏం జేత్తావే?" అంది. నాన్న ఫ్యాను రెక్క తుడుస్తూ, "పోనియ్యే, ఒక్క సంవత్సరమేగా," అన్నాడు. మా నాన్న నా తరఫున మాట్లాడింది నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం చూపిస్తే సరే, లేదంటే నోరు మూసుకుని నర్సింగులో చేరాలి. అదీ ఒప్పందం.

చదువు చెప్పేది సేఠీ మేడమ్. సొంత ఆర్కిటెక్టు ఆఫీసున్న మనిషి, వారానికి రెండు సాయంత్రాలు కారేసుకుని వచ్చి జీతం తీసుకోకుండా చెప్పేది. నూలు చీర, వెండి గాజులు, జుట్టు పొట్టిగా. స్లైడ్ల మిషను పెట్టి గోడ మీద గుమ్మటాలు, కమానులు చూపిస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. నిజం చెప్పాలి, ఆవిడ బాగా చెప్పేది. రోజూ బస్సులో పక్కనుంచి వెళ్ళిపోయే పాడుబడ్డ గోడ ఒకటి, ఆవిడ చెప్పాక, ఎవరో ఆలోచించి కట్టిన గోడ అయిపోయేది. రాయి మీద రాయి ఎందుకు నిలబడిందో తెలిసినప్పుడు కలిగే సంతోషం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఆ సంతోషం పెట్టింది ఆవిడే, లాక్కున్నదీ ఆవిడే. అందుకే ఆవిడ మీద నా కోపం మామూలు కోపం కాదు.

నా పేరు రూతు. ఆ క్లాసులో మాత్రం నా పేరు బావ్లీ. మొదటిసారి అందరం ఒక పాత మెట్ల బావి చూడ్డానికి బయల్దేరాం. బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే నేను ముందుకెళ్ళి, ఠీవిగా, బావ్లీ అన్నాను. బావోలీ అనాలి. మన నోటికి బావి అలవాటు కదా, 'వో' అని సాగాల్సిన నాలుక 'వ' దగ్గరే ఆగింది. హిందీలో బావ్లీ అంటే పిచ్చిది. కండక్టరు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "వో తో దిఖ్ రహా హై," అన్నాడు, అది కనబడుతూనే ఉంది అని. బస్సు బస్సంతా నవ్వింది. సేఠీ మేడమ్ కూడా రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి హాజరు తీసుకునేటప్పుడు కూడా ఎవరో ఒకరు వెనకనుంచి బావ్లీ ప్రెజెంట్ అనేవాళ్ళు. నాకు పంతం వచ్చింది. ఆ మాట ఇంక నోట పలకను అనుకున్నాను. అడిగితే బావి అనేదాన్ని. ఇదేంటని మేడమ్ అడిగితే, మా భాషలో కుఆఁని బావి అంటారు మేడమ్ అని చెప్పాను. "కితనా స్వీట్ హై," అంది, ఎంత ముద్దుగా ఉందో అని.

ఏడాది చివర ఒక్కొక్కరు ఒక్కో కట్టడాన్ని కొలిచి గీయాలి. నాకు గురుగ్రామ్ వైపు ఊళ్ళోని ఆ బావోలీ ఇచ్చింది. అప్పటికి మెట్రో లేదు, బస్సు దిగి ఆవాల చేల మధ్య నడవాలి. క్లాసుకంతా కలిపి ఉన్న పెద్ద టేపు మగపిల్లలు పట్టుకుపోయారు. నేను అమ్మ టేపు తీసుకెళ్ళాను. గర్భిణుల పొట్ట కొలిచే పసుపుపచ్చ టేపు, చివర రేకు ముక్క నొక్కి ఉండేది. నెల పెరిగేకొద్దీ పొట్ట ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో అమ్మ దాంతో చూసేది. నేను దాంతో మెట్లు కొలిచాను. అందరి బొమ్మల్లోనూ అడుగులు, అంగుళాలు, నా బొమ్మలో మాత్రం సెంటీమీటర్లు. నీళ్ళు లేవు, అడుగంతా మట్టి, పిచ్చిమొక్కలు. కానీ మెట్లు చెక్కుచెదరలేదు. దిగుతుంటే ఒంటికి చల్లగా తగిలేది, పైన ఎండ ఉందన్న సంగతి మర్చిపోయేదాన్ని. గోడలో చిన్న చిన్న గూళ్ళు, దీపాలు పెట్టిన మసి ఇంకా పోలేదు. ఒక్కో గూట్లో చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. అంత ప్రేమగా నేను ఆ తర్వాత దేన్నీ ముట్టుకోలేదు.

బావోలీ పక్క ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది, ఊరంతా తాయీ అనేవాళ్ళు, నేనూ తాయీ అనే అన్నాను. ఘూంఘట్ ముసుగులోంచే నన్ను గమనించి, మొదట్లో ఎవరు పంపారని గద్దించింది. రెండోసారికి కుండతో మజ్జిగ తెచ్చి పై మెట్టు మీద పెట్టింది. నా ముద్దుపేరు చెబితే కడుపు పట్టుకుని నవ్వి, "బావ్లీ బావోలీ నాపై సై," అంది. పిచ్చిది బావిని కొలుస్తోందట. ఆవిడ అంటే నాకు కోపం రాలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ మెట్ల మీదే నీళ్ళు మోశానని, ఆడవాళ్ళకి మాట్లాడుకోవడానికి ఊళ్ళో ఇదొక్కటే చోటని చెప్పింది. బొమ్మలో మెట్టు ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన మనిషికి తెలిసిన వస్తువేదైనా గీయండని మేడమ్ చెప్పింది. నేను పై మెట్టు మీద తాయీ మజ్జిగ కుండ గీశాను, దాని మూతి దగ్గర పెచ్చు ఊడిన చోటుతో సహా.

బొమ్మ పూర్తయ్యాక కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాశాను. బావి. మేడమ్ దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. క్లాసులో ఇంత మంచి చెయ్యి ఎవరికీ లేదంది. పేరు తప్పు రాశానా మేడమ్, మార్చనా అని అడిగాను. "రహనే దో, ఉండనీ. స్వీట్ హై," అంది. కోర్సు అయ్యాక మా ఆఫీసుకి వచ్చెయ్యి, బొమ్మలు గీద్దువుగాని, పక్కనే డిగ్రీ చదువుకో, నేను చూసుకుంటాను అని అందరి ముందూ చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తాను. అమ్మ డ్యూటీకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. చెప్పాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "టేపు మరి నాకిచ్చేత్తావా, నువ్వే ఉంచుకుంటావా?" అంది. అమ్మ నోట సరే అనే మాట వచ్చేది కాదు. అదే సరే అనడం. ఆ టేపు నేనే ఉంచుకున్నాను.

ఉద్యోగంలో చేరేలోపల తాయీకి చెప్పి రావాలని ఊరెళ్ళాను. బావోలీ చుట్టూ రేకులు కట్టేశారు. తాయీ నన్ను చూసి మంచం మీంచి లేవలేదు. మజ్జిగ ఇవ్వలేదు. "ఛోరీ, తన్నే కుఆఁ క్యూఁ లిఖ దియా?" అంది. పిల్లా, నువ్వు నుయ్యి అని ఎందుకు రాశావు అని. నాకు అర్థం కాలేదు. ఊరి మగవాళ్ళు ఆ నేలంతా ఒక కంపెనీకి అమ్మారట. పాత కట్టడమేదీ లేదని రాసిచ్చే పని ఢిల్లీలో ఎవరో మేడమ్‌కి ఇచ్చారట. బావోలీ అయితే కదపడానికి లేదు. ఎండిపోయిన నుయ్యి అయితే పూడ్చుకోవచ్చు. చూడండి, కొలిచినవాళ్ళే బావి అని రాశారు, బావి అంటే నుయ్యి అని నా బొమ్మే సాక్ష్యం చూపించారట. "ఈ ఊళ్ళో పసిపిల్లాడు కూడా దాన్ని కుఆఁ అనడు," అంది తాయీ. అని అటు తిరిగి పడుకుంది. ఆ మేడమ్ ఎవరో అడగక్కర్లేదు, నా బొమ్మ ఒక్కరి దగ్గరే ఉంది.

తిన్నగా సేఠీ మేడమ్ ఆఫీసుకి వెళ్ళాను. చల్లటి గది, గాజు బల్ల. నన్ను చూసి ఆవిడ కంగారుపడలేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"అది బావోలీ అని మీకు తెలుసు కదా మేడమ్," అన్నాను.

"నీ డ్రాయింగ్‌లో ఏం రాశావు రూత్?"

"బావి."

"బావి అంటే?"

"మెట్లు గీశాను కదా మేడమ్."

"క్లాసులో నువ్వే చెప్పావు, కుఆఁ అని. జో తుమ్‌నే లిఖా, వహీ భేజా. నువ్వు రాసిందే పంపాను, ఒక్క అక్షరం మార్చలేదు బేటా."

"మారుస్తానంటే మీరే వద్దన్నారు. స్వీట్‌గా ఉందన్నారు."

"ఉంది కూడా," అంది. ఫ్యాకల్టీకి, స్టూడెంట్‌కి మధ్య నమ్మకం ఉండాలని, ఈ మూడ్‌లో ఆఫీసులో చేరితే నాకే ఇబ్బందని, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామని చెప్పింది. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. కాలేజీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి మొత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "మార్తా సిస్టర్ కూతురివి, నీకెందుకమ్మా ఈ గొడవలు? ఆవిడ ఫ్రీగా చెప్తోంది, అది చూడు," అన్నాడు. పేదపిల్లల బడుల్లో ఉన్న రోగం ఇదే. ఉచితంగా చెప్పేవాళ్ళు ఏం చేసినా నోరెత్తకూడదు. మనకి ఇచ్చినదానికి మనం జీవితాంతం దణ్ణం పెడుతూ ఉండాలి, మన దగ్గర తీసుకున్నది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. డిప్లొమా ఇచ్చారు, సంతృప్తికరం అని రాసి. ఎవరి సంతృప్తో అందులో రాయలేదు.

అమ్మకి చెప్పి ఏడ్చాను. ఓదారుస్తుందనుకున్నాను. నా పక్కన కూర్చుంది గానీ చెయ్యి వెయ్యలేదు. "పెద్దోళ్ళ మాటలు నమ్మి ఎగురుకుంటా పొయ్యావు. కొలవడం వొచ్చుగా నీకు. కడుపులు కొలువు, పో," అంది. నేను నర్సింగులో చేరాను. ఆ పసుపుపచ్చ టేపుతోనే చేరాను. ఎన్ని వేల కడుపులు కొలిచి ఉంటానో. ఆ పని నీచమని నేననను, తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికెళ్ళిన రోజున నాకూ సంతోషంగానే ఉండేది. కానీ అది నేను ఎంచుకున్న సంతోషం కాదు. ప్రతి ఆదివారం క్షమించమని చెబుతారు. నేను తలొంచుకుని వింటాను. నేను క్షమించలేదు. ఆ మాట నాది, నిజమే. ఆ మాట చాటున చేసిన మోసం వాళ్ళది. ఈ రెండూ కలిపి నా నెత్తిన రుద్దితే నేను ఒప్పుకోను.

అమ్మ ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. ఒకసారి టీవీలో ఏదో పాత మెట్ల బావి చూపిస్తుంటే, "ఇదేగా నువ్వు కొలిసింది? దిగుడుబావి," అంది. నేను చేతిలో మాత్రలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. దిగుడుబావి. మన భాషలో దానికి మాట ఉందని, అంత ఖచ్చితమైన మాట ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ అయిదక్షరాలు ముందు ఉండుంటే నా బొమ్మని ఎవరూ నుయ్యి అని చూపించలేకపోయేవాళ్ళు. "ఈ మాట అప్పుడెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "నువ్వు అడగలేదుగా," అంది అమ్మ, టీవీ చూస్తూనే. అలా అనేసి మాత్రలకి చెయ్యి చాపింది. కోప్పడదామంటే ఆ చెయ్యి పుల్లలా ఉంది. నీళ్ళు ఇచ్చాను.

బ్లెస్సీ ఇంట్లో ప్రార్థన బాగా జరిగింది. పాస్టరు గారు ఈ స్థలాన్ని దేవుడు వీళ్ళ కోసమే సిద్ధపరిచాడన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు, ఎవరూ గమనించలేదు. బిర్యానీ తిని బయల్దేరితే బ్లెస్సీ కిందిదాకా వచ్చింది. ఆటో వచ్చేదాకా క్లబ్‌హౌస్ లాబీలో కూర్చోబెట్టింది, ఏసీ ఉంటుందని. ఎదురుగా గోడ మీద నిలువెత్తు బొమ్మ ఒకటి, నల్లటి ఫ్రేములో, పైన లైటు పెట్టి. కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికెళ్ళాను. మెట్ల పక్కన సన్నటి అంకెలు, సెంటీమీటర్లలో. గూళ్ళలో మసి. పై మెట్టు మీద మూతి దగ్గర పెచ్చు ఊడిన మజ్జిగ కుండ. కింద నేను బావి అని రాసిన చోట కాగితం కత్తిరించేశారు. అక్కడ చిన్న పలక అతికించారు.

"బాగుంది కదా పెద్దమ్మా? మా సొసైటీలో అందరికీ ఇష్టం," అంది బ్లెస్సీ.

"ఆ పలక మీద ఏముందో చదువు, నాకు ఆనడం లేదు," అన్నాను. ఆనుతూనే ఉంది. ఇంకొకరి నోటితో వినాలనిపించింది.

"ద బావోలీ. యాన్ ఆర్టిస్ట్స్ ఇమాజినేషన్," అని చదివి, నాకు అర్థం కాలేదేమోనని తెలుగు మాట కోసం వెతుక్కుంది. "అంటే, నిజంగా లేదు పెద్దమ్మా. ఎవరో ఊరికే ఊహించుకుని గీశారు."